వాల్తేరు కుంచె నుండి నీటి అడుగు కెమెరా వరకు: ఆంధ్రతీరంలో చిన్న సముద్రజీవుల చిత్రణ

వ్యాససంగ్రహం:
గాలిసిలిండరు వీపున కట్టుకొని సముద్రగర్భంలోకి దిగి, వేలిగోరంత జీవులను వెదికి ఛాయాచిత్రాలు తీయడం ఇటీవలి అలవాటుగా కనిపిస్తుంది. అయితే ప్రాణంతో ఉన్న చిన్న సముద్రజీవి రంగును అది వెలిసిపోకముందే పట్టుకోవాలన్న ప్రయత్నం ఆంధ్రతీరంలో 19వ శతాబ్ది మధ్యభాగంలోనే జరిగింది. వాల్టర్ ఎలియట్ విశాఖపట్నం తీరంలో సేకరింపజేసిన నూడిబ్రాంకులు, వాటిని చూచి స్థానిక చిత్రకారులు గీసిన బొమ్మలు, ఆ బొమ్మల ఆధారంగా 1864లో వెలువడిన జాతివర్ణనలు ఈ వ్యాసానికి ప్రధాన విషయం. జీవిని వెదికినవారు, చిత్రించినవారు, పేరు పెట్టినవారు అన్న మూడు వర్గాలలో చరిత్ర ఎవరిని గుర్తుంచుకొన్నదో ఇది పరిశీలిస్తుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి సముద్రంతో ఉన్న సంబంధం నుండి చర్చ మొదలవుతుంది.

కీలకపదాలు: నూడిబ్రాంకులు, వాల్టర్ ఎలియట్, వాల్తేరు, ప్యాట్రిక్ రస్సెల్, స్థానిక చిత్రకారులు, మాక్రో ఛాయాచిత్రణ, పులికాట్, స్వర్ణముఖి.

1. స్వర్ణముఖి చేరే సముద్రం

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు చిత్తూరు జిల్లా పటంలో సముద్రతీరం లేదు. ఆనాడు ఏర్పడిన తిరుపతి జిల్లాలో సూళ్ళూరుపేట, తడ, వాకాడు ప్రాంతాలు చేరడంతో పులికాట్ సరస్సులో పెద్దభాగమూ, దానిని ఆనుకొన్న బంగాళాఖాతపు అంచూ దక్షిణ రాయలసీమకు పరిపాలనాపరంగా సొంతమయ్యాయి. ఇది కాగితం మీద జరిగిన మార్పే. నదుల లెక్కలో చూస్తే ఈ బంధం చాలా పాతది. చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టిన స్వర్ణముఖి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సాగి సముద్రంలో కలుస్తుంది. పిచ్చాటూరు వద్ద ఆనకట్ట కట్టిన అరణియార్, సూళ్ళూరుపేట పక్కగా పోయే కాళంగి పులికాట్‌లోకి చేరుతాయి. ఈశాన్య ఋతుపవనాల వేళ చిత్తూరు కొండల మట్టి ఈ దారులలోనే కడలికి పోతుంది.

ఆ మట్టి ఈ చర్చకు అవసరం. నీటి అడుగున ఛాయాచిత్రం తీయాలనుకొనేవారికి మొదటి శత్రువు ఒండ్రు. గోదావరి, కృష్ణ, పెన్నలు, వాటికి దక్షిణాన ఈ చిన్న నదులు మోసుకొచ్చే మట్టి వల్ల ఆంధ్రతీరపు నీరు లక్షద్వీపాలలోనో అండమాన్‌లోనో కనిపించే నీలిస్వచ్ఛతను అరుదుగా పొందుతుంది. దూరదృశ్యాలు మసకబారుతాయి. కెమెరా దీపం వెలిగిస్తే నీటిలో తేలే రేణువులన్నీ తిరిగి మెరిసి, చిత్రం నిండా మంచు కురిసినట్లు చుక్కలు పడతాయి. దీనికి విరుగుడు ఒక్కటే, జీవికి దగ్గరగా పోవడం. కటకానికీ జీవికీ మధ్య జానెడు నీరే ఉంటే ఆ జానెడులోని రేణువులు మాత్రమే అడ్డు వస్తాయి. అందువల్ల మసకనీటి తీరంలో పెద్ద దృశ్యం కంటే చిన్న జీవే మంచి చిత్రమవుతుంది. ఆంధ్రతీరం సూక్ష్మదృష్టిని కోరే తీరమని చెప్పడానికి ఇదొక భౌతిక కారణం.

వాకాడు మండలంలోని దుగరాజపట్నాన్ని ఇంగ్లీషువారు ఆర్మగాన్ అన్నారు. మద్రాసు కోట కంటే ముందే, 1626లో, అక్కడ ఈస్టిండియా కంపెనీ వర్తకస్థావరం వెలసింది. ఆ తీరం చరిత్రగ్రంథాలలోకి బట్టల వ్యాపారం ద్వారా ఎక్కింది కాని జీవజాలం ద్వారా కాదు. జీవజాలం కోసం ఉత్తరానికి, విశాఖపట్నానికి పోవలసి ఉంటుంది.

2. రస్సెల్: పేరున్న చేపలు

స్కాట్లండుకు చెందిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ తన సోదరుడు క్లాడ్ రస్సెల్ ఉద్యోగరీత్యా విశాఖపట్నం రాగా అతనితోపాటు వచ్చాడు. 1785లో కోనిగ్ మరణించిన తరువాత కర్ణాటక ప్రాంతానికి కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. పాముల మీద అతడు రాసిన గ్రంథం బాగా ప్రసిద్ధం. రక్తపింజరి శాస్త్రీయనామంలో నేటికీ అతని పేరే ఉంది. విశాఖ తీరపు రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలతో అతడు తెచ్చిన గ్రంథం 1803లో లండన్‌లో వెలువడింది. అందులోనూ బొమ్మలు స్థానిక చిత్రకారుని చేతివే.

ఆ గ్రంథంలో తెలుగువారికి ఆసక్తికరమైనది చేపల కింద ఉన్న దేశీయనామాలు. తొలి పలకలలో కనిపించే విద్యుత్‌టేకులకు రస్సెల్ ‘తెమిరి’, ‘నల్ల తెమిరి’ అన్న పేర్లు రాసుకొన్నాడు. ముట్టుకొంటే చేయి తిమ్మిరెక్కించే చేపకు జాలరులు పెట్టిన పేరది. 1831లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఒక విద్యుత్‌టేకు ప్రజాతికి ‘టెమెరా’ అని నామకరణం చేసినప్పుడు ఆ తెలుగు పలుకు లాటిన్ వేషం వేసుకొంది. తెలుగు, తమిళ తీరాలలో వినిపించే ‘సొర’ సైతం ‘కార్కరైనస్ సొర్రా’ అన్న పేరులో కూర్చుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. చేపకు పేరున్నది అది వలలో పడుతుంది కాబట్టి, అమ్ముడుపోతుంది కాబట్టి, లేదా కుట్టి బాధిస్తుంది కాబట్టి. ఈ మూడింటిలో దేనికీ చెందని జీవికి జాలరి భాష సాధారణంగా పేరు పెట్టదు. రాయి కింద, నాచు మీద పాకే గుల్లలేని నత్తల గురించి రస్సెల్ చేపల గ్రంథంలో వెదకడం సహజంగానే వృథా.

3. ఎలియట్ సేకరణ

ఆ గుల్లలేని నత్తలే నూడిబ్రాంకులు. నత్త, గవ్వ, శంఖం వంశంలోనివే అయినా ఎదిగిన తరువాత వీటికి గుల్ల ఉండదు. మొప్పలు వీపుమీద బయటికే పూలగుత్తిలా విచ్చుకొని ఉంటాయి. కొన్ని బియ్యపుగింజంత, చాలావరకు వేలి పొడవు మించవు. రంగులు మాత్రం పట్టుచీరల అంచులను మరపిస్తాయి. నేడు మాక్రో ఛాయాచిత్రకారులు అన్నింటికన్నా ఎక్కువగా వెదికే జీవులు ఇవే.

వీటిని అధ్యయనం చేయడంలో పాతకాలపు ఇబ్బంది ఒకటే: సారాయంలో వేయగానే రంగు పోతుంది, ఒళ్ళు ముడుచుకొంటుంది, మొప్పల పువ్వు మూసుకొంటుంది. గవ్వను పెట్టెలో పెట్టి లండన్‌కు పంపవచ్చు. నూడిబ్రాంకును పంపితే చేరేది తెల్లని ముద్ద. కాబట్టి జీవి బతికి ఉండగానే, సముద్రపు నీటిలోనే ఉంచి, చూస్తూ బొమ్మ గీయాలి. తడిసిన కాగితంతో, కదిలే నమూనాతో, గంటల వ్యవధిలో ముగించవలసిన పని అది.

ఆ పనిని ఆంధ్రతీరంలో చేయించినవాడు వాల్టర్ ఎలియట్. 1803లో పుట్టిన ఈ స్కాట్లండు ఉద్యోగి 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్నాడు. తెలుగు చరిత్ర విద్యార్థులకు అతని పేరు అమరావతి శిల్పాల ద్వారా తెలుసు. 1845లో అతడు తవ్వించిన శిల్పఫలకాలు మద్రాసు మీదుగా లండన్ చేరి ‘ఎలియట్ మార్బుల్స్’ అనిపించుకొన్నాయి. దక్షిణభారత నాణేల మీద గ్రంథం రాసినవాడూ అతడే. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలలో కనిపించే మొక్కల పేర్లతో 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ తొలిభాగం మద్రాసులో అచ్చయింది. చెట్టు తెలుగుపేరు ఏదని అడిగి రాసుకొన్న అధికారి సముద్రపు నత్తల వైపు చూపు తిప్పడం ఆశ్చర్యం కాదు. శాసనం, నాణెం, మొక్క, నత్త అన్నీ సేకరించదగినవేనన్న 19వ శతాబ్ది మనస్తత్వం అది. దానిలో విజ్ఞానదాహమూ ఉంది, స్వాధీనం చేసుకొనే అలవాటూ ఉంది. అమరావతి ఫలకాల విషయంలో రెండవదే ముందుగా గుర్తుకు వస్తుంది.

విశాఖపట్నం, వాల్తేరు తీరంలో రాళ్ళు ఉన్నాయి. పోటు తగ్గినప్పుడు ఆ రాళ్ళ గుంటలలో నీరు నిలుస్తుంది. అక్కడ వేలిగోరంత జీవిని కనిపెట్టాలంటే ఎక్కడ చూడాలో తెలిసిన కన్ను కావాలి. కమిషనరు తానే వంగి ప్రతి రాయీ తిప్పి ఉండడు. తీరవాసులెవరో తెచ్చి ఇచ్చి ఉండాలి. తరువాత ఎలియట్ పర్యవేక్షణలో స్థానిక చిత్రకారులు వాటిని రంగులలో దించారు. ఈ చిత్రాలు, సారాయంలో ఉంచిన నమూనాలు ఇంగ్లండులోని న్యూకాసిల్‌కు చేరాయి. అక్కడ జాషువా ఆల్డర్, ఆల్బనీ హాంకాక్ అన్న మిత్రులిద్దరూ బ్రిటిష్ నూడిబ్రాంకుల మీద 1845–1855 మధ్య వెలువడిన బృహద్గ్రంథంతో ఈ రంగంలో ప్రామాణికులైపోయారు. ఎలియట్ సేకరణ మీద వారి పరిశోధన 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ ట్రాన్సాక్షన్స్ అయిదవ సంపుటంలో వచ్చింది.

అనేక కొత్త జాతులు ఆ పుటలలో శాస్త్రానికి పరిచయమయ్యాయి. ఉత్తర సర్కారుల ప్రాచీననామం ‘కళింగ’ ఒక ప్రజాతి పేరయింది. ‘కళింగ ఆర్నేటా’ నేటికీ ఆ ప్రజాతిలో ఏకైక జాతి. ఎలియట్ పేరు ‘ప్లాటీడోరిస్ ఎలియటి’లో నిలిచింది. ‘ప్లాటీడోరిస్ ఫార్మోసా’, నారింజరంగు ఒంటిమీద తెల్లని గీతలున్న ‘డోరియోప్సిల్లా మినియేటా’, ‘థోర్డిసా విల్లోసా’, ‘గోనియోడోరిస్ సిట్రినా’ ఈ పరిశోధన నుండే పుట్టిన పేర్లు. ఈనాడు ఇండోనేషియాలోనో జపాన్‌లోనో నీట మునిగిన ఔత్సాహికుడు డోరియోప్సిల్లా మినియేటాను చిత్రించి కింద పేరు రాసినప్పుడు, ఆ పేరు వెనుక ఉన్నది వాల్తేరులో గీసిన ఒక బొమ్మ.

ఆల్డర్, హాంకాక్‌లు ఆ రంగులను చిత్రకారుని కళ్ళతోనే చూశారు. వారు ముందు పెట్టుకొన్న నమూనాలలో రంగు లేదు. దంతాల పట్టీ, మొప్పల అమరిక వంటి శరీరనిర్మాణాంశాలు సీసాలో దొరుకుతాయి. ‘నారింజ’, ‘పసుపు’, ‘ఊదా’ అన్న విశేషణాలన్నీ కాగితం మీదివే. శాస్త్రవర్ణనలో సగం పాలు ఆ చేతిది. అయినా జీవుల పేర్లలో ఎలియట్ ఉన్నాడు, ప్రాంతం ఉంది, చిత్రకారుడు లేడు.

4. 1906: మరొక ఎలియట్

తెలుగులిపిలో రాస్తే ఒకేలా కనిపించే మరొక పేరు ఇక్కడ ప్రవేశిస్తుంది. సర్ చార్లెస్ ఎలియట్‌కు వాల్టర్ ఎలియట్‌తో పేరులో పోలిక తప్ప సంబంధం లేదు, ఇంగ్లీషులో అక్షరక్రమం కూడా వేరు. ఇతడు దౌత్యవేత్త. హిందూ, బౌద్ధ మతాల మీద 1921లో మూడు సంపుటాల గ్రంథం తెచ్చినవాడు. తీరికవేళల్లో నూడిబ్రాంకులే అతని వ్యసనం. 1906లో అతడు న్యూకాసిల్‌లోని హాంకాక్ మ్యూజియంలో ఉన్న ఆల్డర్, హాంకాక్ సేకరణలను, సింహళంలో కెలార్ట్ వేయించిన చిత్రాలను కలిపి పరిశీలించి, దక్షిణభారత, సింహళ నూడిబ్రాంకుల మీద పరిశోధనపత్రం ప్రచురించాడు.

దశాబ్దాల తరబడి సారాయంలో ఉన్న దేహాన్ని, అదే దేహం బతికి ఉన్ననాటి బొమ్మతో పోల్చి చూసే పని అది. అలా పోల్చిన మీదట కొన్ని పేర్లు నిలబడ్డాయి, కొన్ని మరో జాతిలో కలిసిపోయాయి. జంతునామకరణ నియమావళి ప్రకారం ఒక చిత్రాన్ని నామాధారంగా చూపినా చట్టరీత్యా ఆధారం ఆ చిత్రంలో కనిపించే జీవే, చిత్రం కాదు. కాని ఆ జీవి పాడైపోతే, లేక పోతే, ఏం మిగులుతుంది? 2015లో దక్షిణాఫ్రికాకు చెందిన ఒక ఈగజాతిని నమూనా లేకుండా ఛాయాచిత్రాల ఆధారంగానే వర్ణించినప్పుడు ఈ ప్రశ్న పెద్ద వివాదమైంది. 2017లో అంతర్జాతీయ నామకరణ సంఘం అటువంటి వర్ణనలకు జాగ్రత్తలు సూచిస్తూ ప్రత్యేక ప్రకటన చేసింది. వాల్తేరు చిత్రాల కథ తెలిసినవారికి ఆ వివాదం కొత్తదిగా తోచదు. బొమ్మ, దేహం రెండూ ఉన్నప్పుడే 1906లో చార్లెస్ ఎలియట్ తీర్పు చెప్పగలిగాడన్నది ఉభయపక్షాలూ గుర్తుంచుకోవలసిన విషయం.

5. ఇసుకరేణువుల నడుమ

స్వాతంత్ర్యానంతరం ఆంధ్రతీరపు సూక్ష్మజీవుల పరిశీలన విశ్వవిద్యాలయ అధ్యాపకుల చేతికి వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు తీరపు ఇసుకరేణువుల మధ్య ఖాళీలలో బతికే జీవులను అధ్యయనం చేసి 1962లోనూ, 1968లోనూ పరిశోధనలు ప్రకటించారు. ఎలియట్ చిత్రకారులకు కంటికి కనిపించిన జీవి చాలు, వీరికి సూక్ష్మదర్శిని కావలసివచ్చింది. భాష మాత్రం ఇంగ్లీషే.

తిరుపతికీ ఈ కథలో చిన్న చోటుంది. 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడైన కె. పంపాపతిరావు అంతకుముందు అమెరికాలో సముద్రపు ఆల్చిప్పలు నీటిని లోనికి తోడుకొనే వేగం మీద పరిశోధించాడు. తీరానికి దూరంగా ప్రయోగశాలలో ఉంచినా అవి పుట్టినచోటి ఆటుపోట్ల లయను వెంటనే మరచిపోవని 1954లో ప్రచురించిన అతని పత్రం చూపింది. కొండకింద ఊరికి వచ్చిన ఆచార్యునికి ఆ ఆల్చిప్పల సంగతి అప్పుడప్పుడు గుర్తు వచ్చి ఉండవచ్చు.

పులికాట్ విషయంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన పి.జె. సంజీవరాజ్ దీర్ఘకాలం చేసిన కృషి ముఖ్యమైనది. సరస్సులోని పెద్దజీవుల మీద అతని గ్రంథాన్ని 2006లో జాతీయ జీవవైవిధ్య సంస్థ వెలువరించింది.

6. కెమెరా నీట మునగడం

నీటి అడుగు ఛాయాచిత్రణ చరిత్ర వేరే పొడవైన కథ. 1893లో ఫ్రాన్సులోని బన్యూల్స్ తీరంలో లూయి బూతాన్ చేసిన ప్రయోగాలు, 1926లో లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ ఫ్లోరిడాలో తీసిన రంగుచిత్రాలు, 1943లో కూస్తో, గాన్యాన్‌ల శ్వాసయంత్రం దానిలో మైలురాళ్ళు. ఇక్కడ కావలసింది ఒక్క అంశమే. నీరు ముందుగా ఎరుపును మింగుతుంది. కొన్ని మీటర్ల లోతులోనే ఎర్రని జీవి బూడిదరంగుగా కనిపిస్తుంది. దీపం వెంట తీసుకుపోతే తప్ప దాని రంగు కంటికైనా, కెమెరాకైనా చిక్కదు. అంటే సముద్రగర్భంలోకి పోయి చూసినవాడికి కూడా జీవి నిజమైన రంగు తనంతట తానుగా కనిపించదు. వాల్తేరు చిత్రకారుడు ఒడ్డున, ఎండవెలుగులో, లోతులేని నీటిలో ఉంచి చూశాడు. రంగు విషయంలో అతనిదే అనుకూలమైన స్థానం. అతనికి దొరకనిది జీవి నివాసం. ఏ స్పంజి మీద మేస్తోంది, ఏ గుడ్లపట్టీ పక్కన ఉంది అన్నవి పళ్ళెంలోకి రావు, ఛాయాచిత్రంలోకి వస్తాయి.

భారతీయ నూడిబ్రాంకుల అధ్యయనాన్ని ఈ కొత్త సాధనం వేగవంతం చేసింది. 2009లో దీపక్ ఆప్టే లక్షద్వీపాల మీద, 2010లో భారత జంతుసర్వేక్షణ సంస్థ అండమాన్, నికోబార్ ద్వీపాల మీద ప్రచురించిన రచనలు ఇందుకు నిదర్శనాలు. విశాఖలో ఋషికొండ వంటి చోట్ల వినోదంగా నీట మునిగే అవకాశం ఏర్పడింది. పోటు తగ్గిన వేళ రాళ్ళ గుంటల దగ్గరికి విద్యార్థులను తీసుకుపోయి జీవులను చూపించి నమోదు చేసే పనిని ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ వంటి బృందాలు చేస్తున్నాయి. ఒకప్పుడు ఎలియట్ మనుషులు వెదికిన తీరం అదే.

తీరు మాత్రం ఒక విషయంలో మారలేదు. చిన్నజీవిని కనిపెట్టడం ఒక విద్య, చిత్రించడం మరొక విద్య. నీటి అడుగున ముందు పోయి, ఏ పగులులో ఏముందో వేలితో చూపించేది తరచుగా స్థానిక మార్గదర్శకుడు. వెనుక వచ్చి కెమెరా నొక్కేది అతిథి. చిత్రం కింద పడేది అతిథి పేరు. జీవిని పుల్లతో కదిలించి, మంచి భంగిమలోకి తిప్పి తీసే చెడ్డ అలవాటు కూడా ఈ ఒత్తిడిలోనే పుడుతుంది, అటువంటి చిత్రానికి సాక్ష్యవిలువ ఉండదు. మార్గదర్శకునికి అతిథిని సంతోషపెట్టాలి, అతిథికి చిత్రం కావాలి, నత్త అభిప్రాయం ఎవరూ అడగరు.

7. పేర్ల ప్రశ్న

రస్సెల్ చేపలకు జాలరి పేర్లు దొరికాయి. ఎలియట్ మొక్కలకు రైతుపేర్లు దొరికాయి. ఎలియట్ నత్తలకు లాటిన్ తప్ప మరో పేరు లేదు. నేటి తెలుగు పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఈ జీవులను చెప్పవలసివస్తే ఇంగ్లీషు మాటనే తెలుగులిపిలో రాస్తాయి. ఈ వ్యాసమూ ఆ పనే చేసింది. పరిభాషాసంఘాల వంటగదిలో వండిన సంస్కృతసమాసం కంటే, పులికాట్‌లోనో భీమిలిలోనో వల దులిపినప్పుడు రాలిపడే ఇటువంటి జీవిని చూచి జాలరి ఏమంటాడో వినడం మేలు. పేరు లేకపోతే విసుగుతో అనే మాటైనా ఉంటుంది. రస్సెల్ ‘తెమిరి’ని సంపాదించింది అలాగే.

మనుషుల పేర్ల సంగతి ఇంతకంటే చిక్కైనది. ఎలియట్‌కు సమకాలికుడైన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ తన వద్ద పనిచేసిన రంగయ్య, గోవిందు అన్న చిత్రకారుల పేర్లను దాచలేదు. 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. కాబట్టి చిత్రకారునికి పేరు ఇవ్వడం ఆ కాలపు ఊహకు అందని పని కాదు. మద్రాసు రాజధానిలో, అదే దశాబ్దంలో, అదే వర్గపు ఉద్యోగి చేసి చూపించాడు.

చివరి రోజులలో వాల్టర్ ఎలియట్ చూపు కోల్పోయాడు. నాణేల గ్రంథాన్ని ఇతరుల సాయంతో పూర్తిచేసి 1887లో స్కాట్లండులో మరణించాడు. గోవిందూయియా ఇప్పుడు చెల్లే పేరు కాదు. వృక్షశాస్త్రజ్ఞులు దానిని ‘ట్రొపీడియా’లో కలిపివేశారు. అయినా పర్యాయనామాల పట్టికలో, చిన్న అక్షరాలలో, గోవిందు ఇంకా ఉన్నాడు. వాల్తేరులో కళింగ ఆర్నేటాను బతికి ఉండగా చూచి రంగు కలిపిన మనిషికి నూడిబ్రాంకుల నామావళిలో ఆపాటి చోటు కూడా లేదు.